ముందు ఓటర్ల జాబితా అడగండి

ప్రశ్న: మాది బెంగళూరులో హూడి దగ్గర 212 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. కొనుక్కుని వచ్చి ఏడేళ్లయింది. మొదటి నుంచీ కమిటీలో ఆ ఐదారుగురే ఉన్నారు. ఏటా ‘ఏకగ్రీవం’ అని మినిట్స్‌లో రాసుకుంటారు. పోయిన నెల ఎన్నికకు నేను ట్రెజరర్‌గా నామినేషన్ వేస్తే రెండు కారణాలు చెప్పి కొట్టేశారు. సేల్ డీడ్‌లో మావారి పేరు ముందు, నా పేరు తర్వాత ఉందట. రూ. 4,300 బకాయి ఉందట. మెయింటెనెన్స్ మేం ఒక్క నెల కూడా ఆపలేదు. ఆ 4,300 మా బాబు పుట్టినరోజు నాడు క్లబ్‌హౌస్‌లో ఏదో పాడైందని వేసిన జరిమానా. దాన్ని మేం ఒప్పుకోవడం లేదని అప్పుడే మెయిల్ పెట్టాం, జవాబు లేదు. ఇప్పటి సెక్రటరీ గారి ఫ్లాటేమో పూర్తిగా వాళ్లావిడ పేరు మీదే ఉంది! బిల్డర్ దగ్గర ఇంకా అమ్మని ఫ్లాట్లు 19 ఉన్నాయి, వాటి ఓట్లు కూడా కలిపి ఎన్నిక రోజు ప్రెసిడెంటు గారి చేతిలో 60కి పైగా ప్రాక్సీ కాగితాలున్నాయి, అంటే రానివాళ్ల తరఫున ఓటు వేయడానికి ఇచ్చే పత్రాలు. అదేమిటని అడిగితే సాయంత్రానికి నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. ఇక్కడ తెలుగువాళ్లం 70 ఇళ్ల దాకా ఉన్నాం. ‘మనమంతా ఒక్కటైతే వచ్చే ఏడు కమిటీ మనదే’ అని కొందరంటున్నారు. మావారు మాత్రం ‘ఈ గొడవ మనకెందుకు, అద్దెకిచ్చి వెళ్లిపోదాం’ అంటున్నారు. నాకు ఏ హక్కులున్నాయి? ఏం చేయాలి?

సమాధానం: ముందు మీవారి మాట తీసుకుంటాను. విసిగిపోయిన మనిషి అనే మాటే అది, తప్పుపట్టను. కానీ అద్దెకిచ్చి వెళ్లిపోయినంత మాత్రాన ఆ ఇంటితో రుణం తీరదు. మెయింటెనెన్స్ బాధ్యత ఓనర్లుగా మీ మీదే ఉంటుంది. లిఫ్టు మార్చినా, బయట రంగులు వేయించినా వాటా మీ నుంచే అడుగుతారు. మారేదల్లా ఒక్కటే. ఏడాదికోసారి మీకో ఫోను వస్తుంది: “సార్, మీరెలాగూ రాలేరు కదా, ప్రాక్సీ ఫారం పంపుతున్నా, సంతకం పెట్టి ఫొటో తీసి పంపండి చాలు.” మీరూ పంపేస్తారు. ప్రెసిడెంటు గారి చేతిలోని ఆ కాగితాల్లో బిల్డర్‌వి పోగా మిగిలినవి చాలావరకు ఇలా వెళ్లిపోయినవాళ్లవే అయి ఉంటాయి. మీరూ వెళ్లిపోతే ఆ కట్టలో ఇంకో కాగితం చేరుతుంది.

పైగా ఇది చిన్నాచితకా వ్యవహారం కాదు. ఫ్లాటుకు సగటున నాలుగు వేలు అనుకున్నా మీ 212 ఫ్లాట్ల నుంచి నెలకు 8 లక్షల 48 వేలు వస్తుంది. ఏడాదికి కోటి దాటిపోతుంది. పెద్ద ఖర్చుల కోసం దాచే కార్పస్ ఫండ్ వేరే. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, మురుగునీరు శుద్ధి చేసే ఎస్‌టీపీ, డీజిల్, అన్నిటికీ మించి నీళ్లు. 2024 ఎండాకాలంలో ట్యాంకర్ల కోసం ఈ నగరం ఎలా అల్లాడిందో మీకు చెప్పక్కర్లేదు. ఆ ట్యాంకరు ఎవరి దగ్గర తీసుకోవాలి, ఎంతకు తీసుకోవాలి అని తేల్చేది ఆ ఐదారుగురే. ట్రెజరర్ పదవికి పోటీ చేయాలనుకోవడంలో మీరు అత్యాశకు పోయిందేమీ లేదు. మీ డబ్బు లెక్క మీరు చూస్తానన్నారు, అంతే.

ఇక హక్కుల సంగతి. మీ అసోసియేషన్ ఏ చట్టం కింద రిజిస్టరైందో మీ ఉత్తరంలో లేదు. నాకు ఉత్తరాలు రాసే బెంగళూరువాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది ఆ సంగతి రాయరు. అసలు తెలిస్తే కదా! అక్కడి నుంచే మొదలుపెట్టాలి. కర్ణాటకలో ముఖ్యంగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి 1972 నాటి అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం. రెండోది 1960 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. కేవలం ఇళ్లే ఉన్న అపార్ట్‌మెంట్లకు మొదటిదే సరైన చట్టమని కర్ణాటక హైకోర్టు ఈమధ్య కాలంలో చెబుతూ వచ్చింది. అయినా పాత అసోసియేషన్లు చాలా ఇంకా రెండోదాని కిందే నడుస్తున్నాయి.

ఈ తేడా కాగితాల వరకే అనుకోకండి, ఓటు విలువే మారిపోతుంది. సొసైటీ అయితే మామూలుగా సభ్యుడికి ఒక ఓటు. ఓనర్‌షిప్ చట్టం కింద ‘మెజారిటీ’ అంటే తలల లెక్క కాదు. ఆ చట్టం కింద రిజిస్టర్ చేసే డిక్లరేషన్ అనే పత్రంలో ఒక్కో ఫ్లాటుకు ఇంత అని శాతం రాసి ఉంటుంది, ఆ శాతాలు కూడితే 51 గానీ ఆపైన గానీ రావాలి. మూడు బెడ్‌రూముల ఇంటి ఓటు రెండు బెడ్‌రూముల ఇంటి ఓటు కంటే బరువు తూగవచ్చు. అదే చట్టం ఇంకో రెండు మాటలు కూడా చెబుతుంది. బోర్డు, అంటే కమిటీ, సభ్యులను అపార్ట్‌మెంట్ ఓనర్లలోంచే ఎన్నుకోవాలి. వాళ్లలో కనీసం మూడో వంతు మంది పదవీకాలం ఏటా ముగిసేలా, సభ్యులను తొలగించే పద్ధతి కూడా ఉండేలా బైలాలు, అంటే అసోసియేషన్ సొంత నియమాలు, రాసుకోవాలి. మళ్లీ వాళ్లే నిలబడకూడదని దీని అర్థం కాదు, అది మీ బైలాలను బట్టి ఉంటుంది. కానీ ఏటా కొన్ని కుర్చీలు ఖాళీ కావాలి, ఆ ఖాళీల సంగతి అందరికీ తెలియాలి. అడిగేవాళ్లు లేక ఏకగ్రీవమవడం ఒకటి, అడగనివ్వకుండా ఏకగ్రీవం చేయడం ఇంకొకటి. మీ దగ్గర జరిగింది రెండోదని మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది.

రెండో పేరు సంగతి నన్ను కాస్త బాధపెట్టింది. ఇక్కడి చాలా బైలాల్లో ఆ నిబంధన నిజంగానే ఉంది: ఇద్దరు కలిసి కొంటే డీడ్‌లో మొదటి పేరున్నవారికే ఓటు. మన ఇళ్లలో మొదటి పేరు ఎవరిదో వేరే చెప్పాలా? ఈఎంఐ ఇద్దరి జీతాల్లోంచీ పోతుంది, రిజిస్ట్రేషన్ రోజు మాత్రం “ముందు సార్ పేరు రాయండి” అంటారు. ఆ రోజు పక్కనే కూర్చున్న మనకు ఆ వరసతో ఓటు పోతుందని ఎవరూ చెప్పరు. కాబట్టి నిబంధన ఉంటే వాళ్లు కల్పించి చెప్పారని మీరు అనలేరు. కానీ ఒక మాట గట్టిగా అడగొచ్చు. రెండో పేరున్న ఓనరు పనికిరాకపోతే, అసలు పేరే లేని సెక్రటరీ గారు ఎలా పనికొచ్చారు? భార్య ఆయనకు అధికారపత్రం ఇచ్చి ఉండవచ్చు, మీ బైలాలు దాన్ని ఒప్పుకుంటూ ఉండవచ్చు. అలా అయితే మీవారు మీకు అదే పత్రం ఇస్తే మీ నామినేషనూ చెల్లాలి. ఒప్పుకోకపోతే ఆ పదవే నిలవదు. ఈ రెండింటిలో ఏదో ఒకటే నిజం కావాలి. ఆయన మీదికి వెళ్లొద్దు, ఆయన్ని దించాలని కూడా మొదలుపెట్టొద్దు. ఒకే నిబంధన ఇద్దరికీ ఒకేలా ఉండాలని మాత్రం రాతపూర్వకంగా అడగండి.

బకాయి మాటకొస్తే, బకాయి ఉన్నవాళ్లకు ఓటు లేకపోవడం కొత్త సంగతేమీ కాదు. బ్రిటిష్‌వాళ్ల కాలంలో వచ్చిన 1860 నాటి సొసైటీల చట్టంలోనే మూడు నెలలు దాటి చందా బాకీ పడ్డవారికి ఓటు లేదని రాసి ఉంది. అపార్ట్‌మెంట్ బైలాల్లో ఎక్కువగా 60 రోజులని ఉంటుంది. అందులో న్యాయం ఉంది, కట్టేవాళ్ల మీద కట్టనివాళ్లు పెత్తనం చేయకూడదు. కానీ ఆ నిబంధనలు చెప్పేది చందా గురించి, ఉమ్మడి ఖర్చుల వాటా గురించి. మీరు ఒప్పుకోని, ఎవరూ విచారించని ఒక జరిమానాను తెచ్చి దాంట్లో కలపడం వేరే సంగతి. ఇలాగైతే ఎవరు పోటీకి దిగుతారనిపిస్తే వాళ్ల పేరు మీద నాలుగు వేలు రాసేస్తే సరిపోతుంది. అందుకే ఒక సలహా. ‘అభ్యంతరంతో కడుతున్నాను, దీన్ని ఒప్పుకోలుగా భావించరాదు’ అని మెయిల్ పెట్టి ఆ డబ్బు కట్టేయండి. మీకు కోపం వస్తుందని తెలుసు. పోరాడాల్సిన చోటు ఆ 4,300 దగ్గర లేదు, వచ్చే ఎన్నిక నాటికి మిమ్మల్ని ఆపడానికి వాళ్ల చేతిలో ఆ సాకు ఉండకూడదు.

బిల్డర్ ఫ్లాట్ల విషయంలో ఒక్క ప్రశ్న చాలు. అమ్ముడుపోని ఫ్లాటుకు ఓనరు ఆయనే కాబట్టి ఓటు అడగవచ్చు, బాగానే ఉంది. మరి ఆ 19 ఫ్లాట్లకు మెయింటెనెన్స్ కడుతున్నారా? మీ 4,300కు నామినేషన్ పోయినప్పుడు, వాటి బకాయి ఎంతుందో ఆ ఖాతా కూడా బల్ల మీద పెట్టాలి.

ఇప్పుడు ప్రాక్సీలు. ఇక్కడ నేను కళ్లారా చూసింది చెప్పాలి. కొన్నేళ్ల కిందట కృష్ణరాజపురం వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో, బయటి మనిషి ఉంటే బాగుంటుందని నన్ను ఎన్నికల అధికారిగా కూర్చోబెట్టారు. బ్యాలట్ పెట్టె అంటే పెద్ద మైసూర్ పాక్ డబ్బా, మూతకు చాకుతో చీలిక కోశారు. ఓటింగ్ మొదలయ్యే ముందు నా ముందు నలభై ప్రాక్సీ ఫారాలు పెట్టారు, చక్కగా స్టేపుల్ చేసి. రెండోసారి తిరగేస్తుంటే కంటికి ఆనింది: ఫ్లాటు నంబర్లు, తేదీలు అన్నీ ఒకే చేతిరాత, ఒకే నీలం ఇంకు. సంతకాలు మాత్రం వేర్వేరు. నేను ఇంకేం మాట్లాడకుండా ఒక్కో ఫ్లాటు నంబరూ పైకి చదవడం మొదలుపెట్టాను. ఏడో ఎనిమిదో నంబరు చదవగానే మూడో వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. “అది మా ఫ్లాటే అమ్మా. నేనిక్కడే ఉన్నాగా, నా తరఫున ఇంకొకరెందుకు?” ఆ కాగితం ఆయన చేతికిచ్చాను. కళ్లజోడు పైకి జరుపుకుని చాలాసేపు చూశారు. సంతకం ఆయనదే. కారు పార్కింగ్ స్టిక్కర్ కోసం ఆఫీసుకెళ్లినప్పుడు రెండు కాగితాల మీద సంతకం పెట్టమన్నారట, పెట్టారట. రెండోది ఇదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. అప్పుడు ఒక్కొక్కరే తమ పక్కింటివాళ్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. అరగంటలో తొమ్మిది ప్రాక్సీలు వెనక్కి పోయాయి. గొడవ జరగలేదు, ఎవరూ ఎవరినీ దొంగ అనలేదు. నంబర్లు పైకి చదివాం, అంతే.

అందుకే మీ బైలాల్లో ముందు ఓటింగ్ పేజీ తీయండి. కొన్నిచోట్ల ప్రాక్సీయే కుదరదు, మనిషి వచ్చి వేయాలి. కుదిరేచోట ఒక్కరు ఎన్ని తేవచ్చు, మీటింగుకు ఎంత ముందు ఇవ్వాలి అని ఉందేమో చూడండి. ఏమీ లేకపోతే, వచ్చే జనరల్ బాడీలో పెట్టాల్సిన మొదటి తీర్మానం అదే: ఒక్కరికి రెండు ప్రాక్సీలకు మించి వద్దు, పదవిలో ఉన్నవారు అసలు తీసుకోవద్దు, వచ్చిన ప్రతి ప్రాక్సీ ఫ్లాటు నంబరూ రెండు రోజుల ముందు నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఊళ్లో లేనివాళ్లకు ఆన్‌లైన్ ఓటు పెడితే ప్రాక్సీ అవసరమే సగం తగ్గిపోతుంది. దాంతోపాటు రహస్య బ్యాలట్ కూడా అడగండి. చేతులెత్తే పద్ధతిలో మన ముందు కూర్చున్నవాళ్లు రేపు మన బాత్రూం లీకేజీకి ప్లంబర్ని పంపాల్సినవాళ్లు. వాళ్ల కళ్లలోకి చూస్తూ వ్యతిరేకంగా చెయ్యెత్తే ధైర్యం అందరికీ ఉండదు, అది వాళ్ల తప్పూ కాదు.

అయితే వీటన్నిటికంటే ముందు కావాల్సింది ఓటర్ల జాబితా. నేను చూసిన ప్రతి అపార్ట్‌మెంట్ గొడవలోనూ ఎన్నిక నిజంగా తేలిపోయింది పోలింగ్ రోజున కాదు, ఎవరికి ఓటుంది, ఎవరికి లేదు అని ఆఫీసు గదిలో నలుగురు కూర్చుని రాసుకున్న రోజున. ఫ్లాటు నంబరు, ఓటున్నవారి పేరు, బకాయి ఉంటే దేనికి ఎంత, ఓనర్‌షిప్ చట్టం కిందైతే శాతం. ఈ నాలుగు గడులతో జాబితా ఎన్నికకు రెండు వారాల ముందు బోర్డు మీదికి వస్తే మీ 4,300 గొడవ అప్పుడే తేలేది, బిల్డర్ బకాయిలూ బయటపడేవి, సెక్రటరీ గారి పేరు లేని సంగతీ ఆయనకే ముందు తెలిసేది. జాబితా లేకుండా జరిగిన ఎన్నికలో ఎవరు గెలిచినా, మీరే గెలిచినా, నేను దాన్ని సరైన ఎన్నిక అనను.

70 తెలుగు ఇళ్ల మాటకొద్దాం. ఈ ఒక్క విషయంలో నా మాట వినండి, ఆ దారిన వెళ్లొద్దు. మనం ఈ ఊరికి వచ్చి బతుకుతున్నాం, ఉగాది ఇక్కడివాళ్లతో కలిసే చేసుకుంటున్నాం. మీరు తెలుగు ప్యానెల్ అన్న మరుక్షణం మిగిలిన 142 ఇళ్లకూ ప్రాక్సీల గొడవ మాయమై భాష గొడవ మొదలవుతుంది. ఇన్నాళ్లూ జవాబు చెప్పలేకపోయిన కమిటీకి మీరే జవాబు చేతికిచ్చినట్టవుతుంది. రేపు మీ ప్యానెల్ గెలిచినా అవతలివాళ్లు ఇదే ప్రాక్సీ కట్టతో ఎదురొస్తారు. మీ బ్లాకులోని కన్నడ ఆవిడనో, తమిళ మాస్టారినో, మలయాళీ నర్సునో వెంటబెట్టుకుని జాబితా అడగండి. అద్దెకున్నవాళ్లనూ మర్చిపోకండి. వాళ్లకు ఓటు లేదు, కానీ ట్యాంకరు నీళ్లు తాగేది వాళ్లే, వాచ్‌మన్ పేరు తెలిసేదీ వాళ్లకే. ఊళ్లో లేని ఓనరుకు ఫోను చేసి “అంకుల్, ఆ ఫారం చూసి సంతకం పెట్టండి” అని చెప్పగలిగేది కూడా వాళ్లే.

వాట్సాప్ గ్రూపులోంచి తీసేసినందుకు చట్టం మీకు పెద్దగా చేయగలిగిందేమీ లేదు. కానీ మీటింగు నోటీసు రావడం మీ హక్కు, అది గ్రూపులో పెట్టి ఊరుకుంటే సరిపోదని రాయండి. బైలాలు చెప్పినన్ని రోజుల ముందు, అవి చెప్పిన పద్ధతిలో అందాలి. ఇంకో జాగ్రత్త. వేరే గ్రూపు పెట్టి అందులో ‘తినేశారు’, ‘దొంగలు’ అని రాయకండి. రుజువు లేని ఆ ఒక్క మాటకు భారతీయ న్యాయ సంహిత 356 కింద పరువునష్టం కేసు మీ మీదికి రావచ్చు, అప్పుడు ఊరంతా ఆ కేసు గురించే మాట్లాడుకుంటుంది.

అడిగినా ఇవ్వకపోతే? సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటే, సభ్యుల్లో మూడో వంతుకు తగ్గకుండా సంతకాలు పెడితే రిజిస్ట్రార్ విచారణ జరపాలి. మీ 212 ఫ్లాట్లకూ ఒక్కో సభ్యత్వం ఉందనుకుంటే 71 సంతకాలు. ఏటా అక్కడ దాఖలు చేయాల్సిన కమిటీ జాబితా, ఆడిట్ లెక్కలు నిజంగా దాఖలయ్యాయో లేదో కూడా చూడొచ్చు. అసోసియేషన్ మీద సమాచార హక్కు చట్టం నేరుగా పనిచేయకపోయినా, రిజిస్ట్రార్ ఆఫీసు ప్రభుత్వానిదే కాబట్టి అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఓనర్‌షిప్ చట్టం కిందైతే ఇంత సూటి దారి కనిపించదు, చాలా గొడవలు చివరికి సివిల్ కోర్టుకే చేరతాయి. ఏళ్లు పడుతుంది, డబ్బు పడుతుంది. పక్కింటివాళ్లు వాయిదా రోజున లిఫ్టులో ఎదురుపడి మొహం తిప్పుకుంటారు. అందుకే అది ఆఖరి మెట్టుగానే ఉంచుకోమంటాను. పోయిన నెల ఎన్నికను కొట్టేయించాలని పరుగెత్తడం కంటే వచ్చే ఎన్నికకు పద్ధతి మార్పించుకోవడం మీకు తొందరగా ఫలితమిస్తుంది. అయితే అభ్యంతరం మాత్రం ఇప్పుడే రాతలో పెట్టాలి. ఏడాది ఊరుకుని తర్వాత అడిగితే ‘అప్పుడెందుకు అనలేదు’ అంటారు.

కాబట్టి ఈ ఆదివారం కూర్చుని ఒక పేజీ రాయండి. భాష మెత్తగా ఉండనివ్వండి. ఇలా ఉంటే చాలు: “మేము ఫలానా ఫ్లాటు ఓనర్లం. అసోసియేషన్ రిజిస్ట్రేషన్ పత్రం, బైలాలు, పోయిన నెల ఎన్నికకు వాడిన ఓటర్ల జాబితా, ఆ రోజు లెక్కలోకి తీసుకున్న ప్రాక్సీ ఫారాల ఫ్లాటు నంబర్లు, నా నామినేషన్ తిరస్కరించిన నిబంధన సంఖ్య, అమ్ముడుపోని ఫ్లాట్ల మెయింటెనెన్స్ ఖాతా చూడాలనుకుంటున్నాం. 15 రోజుల్లోగా ఆఫీసు వేళల్లో చూపించగలరు. మా ఫ్లాటు మీద వేసిన రూ. 4,300 జరిమానాపై మా అభ్యంతరం అలాగే ఉంది.” రెండు కాపీలు తీయండి. సెక్యూరిటీ టేబుల్ మీద వదిలి రాకండి, అసోసియేషన్ ఆఫీసులో ఇచ్చి రెండో కాపీ మీద తేదీ, సంతకం వేయించుకోండి, అదే మెయిల్ కూడా చేయండి. కింద మీ సంతకంతో పాటు మీవారి సంతకం కూడా ఉండాలి. డీడ్‌లో ముందున్నది ఆయన పేరు, ఆ కాగితం మీద కూడా ఆయన్నే ముందు పెట్టమనండి.